అక్క రాసిన రూల్సు

"చూసుకోండి. ఎక్కడా ఒక్క గీత కూడా లేదు," అన్నాడు పుస్తకాల బైండరు, మార్కుల కార్డు చూపించే పిల్లాడిలా.

చిన్ని చూసుకుంది. బల్ల మీద పరిచిన ఆట అట్ట నిజంగానే కొత్తదానిలా ఉంది. అటక మీద చెమ్మకి పట్టిన బూజు మచ్చలు పోయాయి. మధ్య మడతలో చీలిపోయిన గుడ్డ మార్చాడు. నీలం సముద్రం, దాని మీద మెలికలు తిరిగిన నలభై ఎనిమిది గళ్ళు, మూలన ఎన్ని గళ్ళు కదలాలో చూపించే తిరుగుడు ముల్లు, చివర లైట్‌హౌసు, దాని ముందు నిలబడి చెయ్యూపుతున్న తాతయ్య బొమ్మ. అన్నీ ఉన్నాయి. ఉండాల్సింది ఒక్కటే లేదు.

"పెన్సిలు రాతలేవి?"

"అదే చెబుతున్నానండీ, తీసేశా! ఎవరో పిల్లలు గడిగడికీ కెలికి పెట్టారు. ఒక పూటంతా పట్టింది. రబ్బరుతో గట్టిగా రుద్దితే రంగు లేస్తుందని, రబ్బరు పొడి చేసి, దూదితో మెల్లగా..."

"తుడిచేశారా?"

"మొత్తం."

"ఎవరు తుడవమన్నారు మిమ్మల్ని?"

బైండరు మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "మీరే కదండీ, శుభ్రం చెయ్యమన్నారు."

"బూజు శుభ్రం చెయ్యమన్నాను. బాక్సు మూలలు అతికించమన్నాను. మడత బాగుచెయ్యమన్నాను. స్లిప్పు మీద మీ చేత్తోనే రాసుకున్నారు. మా అక్క రాత తియ్యమని అందులో ఉందా?"

అతను సొరుగు తీసి స్లిప్పు వెతికి చదువుకున్నాడు. లేదు. స్లిప్పు మళ్ళీ సొరుగులో పెట్టేసి, ఇంకేం చెయ్యాలో తెలియక, జిగురు గిన్నె మీద మూత సర్దాడు.

చిన్నికి ఏడుపొచ్చింది. దుకాణంలో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఏడవడం ఇష్టంలేక గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. అక్క కూతురి పుట్టినరోజుకి ఇంకా పదహారు రోజులున్నాయి.

పాతికేళ్ళ కిందట ఆదివారం పొద్దున టీవీలో 'లైట్‌హౌస్ తాతయ్య' అని తోలుబొమ్మల కార్యక్రమం ఒకటి వచ్చేది. సముద్రం మధ్య దీపం వెలిగించే తాతయ్య, ఆయనకి వంట చేసిపెట్టే పీత, ఏ ఓడ వస్తోందంటే ఎప్పుడూ తప్పే చెప్పే అబద్ధాల పక్షి. అరగంట సేపు వీధిలో పిల్లలెవరూ కనపడేవారు కాదు. అది బాగా నడుస్తున్న రోజుల్లో ఎవరో బొమ్మల కంపెనీవాళ్ళు దాన్ని ఆటగా చేసి అమ్మారు. తర్వాత కార్యక్రమం ఆగింది, ఆటా ఆగింది. ఇప్పుడు పాత వస్తువులు పోగేసేవాళ్ళు దానికోసం వెతుకుతుంటారు.

చిన్నికి ఆ పిచ్చి లేదు. ఆమెకి కావాల్సింది అక్క కూతురి ఎనిమిదో పుట్టినరోజుకి ఆ ఆట తీసుకుని అక్క ఇంటి గుమ్మంలో నిలబడటం. అక్కతో మాటలు లేక రెండేళ్ళయింది.

గొడవ పెద్దదే. అక్క తన ఆఫీసులో తెలిసినవాళ్ళ సంబంధం తెచ్చింది. చిన్ని ముందు సరే అంది. నిశ్చితార్థం వారం ఉందనగా వద్దంది. "నీకోసం ఇంక నేనేమీ చెయ్యను," అంది అక్క. "చెయ్యమని నేనడిగానా?" అంది చిన్ని. ఆ తర్వాత ఇద్దరి మాటలూ అమ్మే మోసింది. పెద్దది ఇలా అంది, చిన్నది అలా అంది.

అటక సర్దుతుంటే ఈ ఆట దొరికినప్పుడు, గళ్ళలో మసకబారిన అక్క చిన్నప్పటి రాత చూసి చిన్ని చాలా రోజుల తర్వాత నవ్వుకుంది. చదవలేదు. చదవడం అక్క ముందే చెయ్యాలనుకుంది. ఆ రాత చూస్తే అక్క కూడా నవ్వుతుంది. నవ్వాక ఇంక మాట్లాడకుండా ఎలా ఉంటుంది? అదీ ఆమె లెక్క.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు బైండరు.

అతను అట్ట తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, కంటికి సమానంగా ఎత్తి, ఒక పక్కకి వంచాడు. సాయంత్రం ఎండ ఏటవాలుగా అట్ట మీంచి జారింది.

"మీ అక్కగారిది చెయ్యి బరువండీ."

"మా అక్క చెయ్యి సంగతి మీకెందుకు?"

"రాత పోయింది గానీ నొక్కు పోలేదు. ఇటు రండి. అక్కణ్ణుంచి కాదు, ఇక్కణ్ణుంచి చూడండి."

చిన్ని వెళ్ళి అతని పక్కన నిలబడి, తల వంచి చూసింది. ఏడో గడి. అచ్చులో ఉన్నది: 'తుఫాను! ఒక వంతు ఆగాలి.' దాని కింద ఉత్త నీలం రంగులో సన్నటి నీడలు. పొట్లకాయంత పెద్ద 'చి'. తర్వాత 'న్న'.

"చిన్న... వాళ్ళు... ఆగ..."

ఎండ ఎదురు మేడ వెనక్కి వెళ్ళిపోయింది. అట్ట మళ్ళీ ఉత్త సముద్రమైంది.

"ఏటవాలు వెలుతురు ఉంటేనే కనిపిస్తుంది. ఇక్కడ ఐదు నుంచి ఐదున్నర దాకా ఇలా పడుతుంది. రేపు రండి. చదివి రాసుకుందాం. అన్నీ అయ్యాక ఆ నొక్కుల్లోనే పెన్సిలుతో దిద్దేస్తా."

"మీరే చదివి పెట్టొచ్చుగా?"

"మీ ఇంటి రాత, అందులోనూ పిల్లల రాత. సగం ఊహించాలి. ఊహించడానికి మీరుండాలి."

అది సబబుగానే వినిపించింది.

చిన్ని నాలుగు వీధుల అవతల కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. నాలుగున్నరకి డ్యూటీ అయిపోతుంది. మర్నాడు ఐదుకి ఐదు నిమిషాలుండగా ఆమె బైండింగు దుకాణంలో ఉంది. అతను కిటికీ దగ్గర రెండు స్టూళ్ళు వేసి, ఒక నోట్‌బుక్కు పెట్టి, దానిలో ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా నంబర్లు వేసి ఉంచాడు. ఇరవయ్యేడు గళ్ళలో నొక్కులున్నాయని చేత్తో తడిమి గుర్తులు కూడా పెట్టాడు.

"ఇలా బాగుందా? అలా బాగుందా?" అంది ఆమె అట్ట వంచుతూ.

"ఇలా."

"ఇప్పుడు? ఇలాగా, అలాగా?"

"నా కళ్ళు పరీక్ష చేస్తున్నారా, అక్షరాలు చదువుతున్నారా?"

"రెండూ. మీకు సైటుంది. నోట్‌బుక్కు ముక్కుకి ఆనించి రాస్తున్నారు."

"మా వృత్తిలో అందరూ అలాగే రాస్తారు."

"మీ వృత్తిలో అందరికీ సైటుంది."

ఏడో గడి తేలింది: 'చిన్నవాళ్ళు ఆగక్కర్లేదు.' పన్నెండో గడిలో అచ్చులో, 'అబద్ధాల పక్షి కనిపించింది. మూడు గళ్ళు వెనక్కి.' పెన్సిలుతో, 'పక్షికి ఇవాళ సెలవు.'

ఇద్దరూ నవ్వారు. బైండరు నవ్వితే అతని మోచెయ్యి కదిలి అట్ట కదిలి ఎండ కదిలింది. మళ్ళీ కుదురుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ దండగని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

రోజుకి మూడు గళ్ళు. ఎక్కువ ఆశపడితే మెడ పట్టేస్తోంది. మధ్యలో మేఘం అడ్డొస్తే మాటలు.

"ఈ ఆటలో నేను ఒక్కసారి కూడా ఓడిపోలేదు, తెలుసా?" అంది చిన్ని నాలుగో రోజు. "అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అయినా సరే, ఒక్కసారి కూడా."

"అబ్బో! అప్పుడు మీ వయసెంత?"

"ఐదు."

"చదవడం వచ్చా?"

"అక్షరాలు వచ్చు. రూల్సు మాత్రం అక్కే చదివేది."

బైండరు నోట్‌బుక్కులో ముందు పేజీలు తిప్పాడు. అతనికి ఎదుటివాళ్ళ సంగతుల్లో తల దూర్చడం అలవాటు లేదు. కానీ నంబరు వేసిన పేజీలో ఏముందో చదవకుండా ఉండటం కూడా అలవాటు లేదు.

"ఏంటి?" అంది చిన్ని.

"ఏం లేదండీ."

"ఏదో ఉంది. చెప్పండి."

"ఇవన్నీ మీ అక్క తనకి లాభంగా రాసుకుందని కదా మొదటిరోజు చెప్పారు? అప్పుడు కూడా పెత్తనమే అన్నారు."

"అవును. రూల్సు మార్చడమంటే మరి పెత్తనం కాదా?"

"పన్నెండు గళ్ళయ్యాయి. ఒక్కటి కూడా ఆవిడకి లాభం కాదు." అతను చదివాడు. "పంతొమ్మిది: 'ముల్లు ఆగకముందే చిన్ని చేత్తో ఆపితే తప్పు కాదు.' ఇరవై మూడు: 'ఏడిస్తే ఇంకోసారి తిప్పాలి.' ఆవిడ ఏడ్చేదా?"

"అక్క ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"మరి ఎవరి కోసం రాసింది?"

చిన్ని అట్ట మడిచేసింది. ఎండ ఇంకా పది నిమిషాలు ఉన్నా, ఆ రోజుకి చాలు అంది. వెళ్ళేటప్పుడు గొడుగు మర్చిపోయింది. మర్నాడు అది కిటికీ పక్కన మేకుకి, విరిగిన పుల్ల బాగై, వేలాడుతూ కనిపించింది.

"ఇది కూడా నేను చెయ్యమనలేదు," అంది.

"ఈసారి ఏమీ తుడవలేదండీ, కావాలంటే చూసుకోండి."

ఇరవై రెండు గళ్ళయ్యాయి. ఇంక ఐదే ఉన్నాయి, పుట్టినరోజు వచ్చే ఆదివారం అనగా, సోమవారం నాడు ముసురు పట్టింది.

సోమవారం ఎండ లేదు. మంగళవారం లేదు. చిన్ని తడిసిన చెప్పులతో వచ్చి, స్టూలు మీద కూచుని, కిటికీలోంచి బూడిద రంగు ఆకాశాన్ని చూసి, ఐదున్నరకి వెళ్ళిపోయేది. డ్యూటీలో కస్టమరు ముందు అద్దం మార్చకుండానే 'ఇప్పుడు బాగుందా' అని అడిగి మాట పడింది. ఆ ఐదు గళ్ళూ లేకుండా అక్క దగ్గరికి వెళ్ళడమంటే సగం ఉత్తరం పట్టుకుని వెళ్ళినట్టు అనిపించసాగింది.

బుధవారం దుకాణం యజమాని వచ్చాడు. ఆయన బైండరుకి మేనమామ. నెలరోజులు కూతురింట్లో ఉండి అప్పుడే తిరిగొచ్చాడు. వస్తూనే గొడుగు దులిపి, కిటికీకి అతుక్కుపోయిన ఇద్దర్ని చూశాడు.

"ఏంట్రా, అక్కడ ఏముంది?"

"ఎండ కోసం చూస్తున్నాం మావయ్యా." బైండరు గొంతు ఎందుకో సన్నబడింది.

"నొక్కులు చదవాలండీ, వాన ఆగట్లేదు," అని చిన్ని అట్ట చూపించింది.

మావయ్య అట్ట మీద బొటనవేలితో తడిమాడు. "దీనికి ఎండెందుకమ్మా? లాంపు తీసి అట్ట పక్కన, బాగా కిందకి పెడితే సరి. బంగారు అక్షరాలు చెరిగిపోయిన పుస్తకాలు వస్తే మేం అలాగేగా పేరు చదువుతాం. వీడికి నేను మొట్టమొదట నేర్పిందే అది. పది నిమిషాల పని. ఒరేయ్, లాంపేదిరా?"

లాంపు బల్ల మీద లేదు. బైండరు నేల చూపులు చూశాడు.

"మీకు తెలుసా?" అంది చిన్ని.

"...తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"రెండో రోజు నుంచి."

"నేను మూడు రోజులుగా ఆకాశం వైపు చూస్తూ కూచున్నాను. ఆదివారం పుట్టినరోజు. నాకు తిండి సయించట్లేదు. మీరు పక్కనే కూచుని, 'రేపు తెరిపిస్తుందిలెండి' అన్నారు. అవునా, కాదా?"

"అన్నాను."

ఆమె స్టూలు మీంచి లేచింది. అట్టని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. మావయ్య గుమ్మం వైపు చూసి, మేనల్లుడి వైపు చూసి, "నేను ఇంకో రోజు ఆగి రావాల్సిందేమో," అన్నాడు.

ఇంట్లో అమ్మ మిషను మీద మనవరాలి పుట్టినరోజు గౌను కుడుతోంది. చిన్ని వస్తూనే మిషను లాంపు వూడదీసి నేల మీద పెట్టింది.

"నా లాంపు ఎందుకే? చేతుల అంచు సగంలో ఉంది."

"పది నిమిషాలు. పది నిమిషాల పనట ఇది." అట్ట పరిచింది. లాంపు పక్కకి వంచింది. గీతలన్నీ నల్లగా, స్పష్టంగా, నిన్న రాసినట్టు లేచి నిలబడ్డాయి. ఆ స్పష్టత చూసేసరికి కోపం ఇంకా ఎక్కువైంది. "చూశావా! ఇంత తేలిక. ఆ పెద్దమనిషి తెలిసి కూడా చెప్పలేదు. పన్నెండు రోజులు నన్ను తిప్పాడు."

అమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మోసమే. కాదనను. కానీ నువ్వు రోజూ యాభై మంది కళ్ళల్లోకి పక్కనుంచి లైటు వేసి చూస్తావు కదే. నీకు తట్టలేదా?"

చిన్ని లాంపు మెడ ఇంకాస్త వంచింది.

"ఇంట్లో మూడు లాంపులున్నాయి. నీ సంచీలో టార్చీ ఉంటుంది," అంది అమ్మ, గుడ్డ మడత మీద గోటితో రుద్దుతూ. "అతనికి తట్టినా చెప్పలేదు. నీకు అసలు తట్టనే లేదు. ఇందులో ఎవరు గడుసో నాకు తెలియడంలేదు."

"అమ్మా, నువ్వు కుట్టుకో."

"లాంపు నీ దగ్గరుంది."

చిన్ని మాట మార్చడానికి గళ్ళ మీదికి వంగింది. ముప్ఫై ఒకటి: 'పెద్దవాళ్ళు ఇక్కడే ఉండి చూడాలి.' ముప్ఫై ఆరు, నలభై, నలభై నాలుగు. చివరిది నలభై ఎనిమిది, లైట్‌హౌసు గుమ్మం. అచ్చులో, 'సరిగ్గా ఆ సంఖ్య పడితేనే లోపలికి.' ఆ గడి దగ్గర ఎందరో పిల్లలు ఏడ్చి ఉంటారు. కింద అక్క, చోటు చాలక అక్షరాలు కుదించి రాసింది:

'చిన్ని ఎంత పడినా లోపలికే. తలుపు నేను తీస్తా.'

చిన్ని ఆ అక్షరాల మీద వేలు నడిపించింది.

"అమ్మా. ఆ సంబంధం వద్దని చెప్పడానికి, వాళ్ళింటికి అక్క ఒక్కతే వెళ్ళిందా?"

అమ్మ దారం తెంపింది. "ఒక్కతే. మీ బావ వస్తానన్నా వద్దంది."

"వాళ్ళకి ఏం చెప్పింది?"

"అది నన్నడగకు. రెండేళ్ళుగా మీ ఇద్దరికీ పోస్టుమాన్‌ని. ఈ ఒక్క ఉత్తరం మాత్రం నేను మొయ్యను."

మర్నాడు దుకాణానికి చిన్ని ఫోన్ చేసింది. "మిగతా ఇరవై రెండు గళ్ళూ మీ నోట్‌బుక్కులో ఉన్నాయి. బాక్సు కూడా మీ దగ్గరే ఉంది. శనివారం నాలుగింటికి మా అక్క వాళ్ళింటికి తీసుకురండి. అడ్రసు పంపిస్తాను."

"పెన్సిలు తెమ్మంటారా? దిద్దాలిగా."

"మీరు దిద్దక్కర్లేదు. అది వేరేవాళ్ళు దిద్దేది కాదు."

"సరే. ఇంకా కోపంగా ఉన్నారా?"

"ఉన్నాను. ఆలస్యం చెయ్యకండి."

శనివారం మూడున్నరకే చిన్ని అక్క ఇంటి బెల్లు కొట్టింది. అక్క తలుపు తీసింది. చేతినిండా రంగు కాగితాలు, భుజం మీద టేపు చుట్ట. చెల్లిని చూసి ఆగిపోయింది. తర్వాత ఆమె వెనక మెట్ల వైపు చూసింది.

"అమ్మ రాలేదా?"

"లేదు. నేనే."

"పాప ఈతకి వెళ్ళింది. మీ బావ తీసుకెళ్ళాడు."

"నీతోనే పని."

అక్క పక్కకి తప్పుకుంది. హాల్లో కుర్చీల మీదంతా బెలూన్లు, అట్టపెట్టెలు. కూచోమనడానికి చోటు లేదు, అనలేదు కూడా. చిన్ని నిలబడే అడిగింది.

"ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళి ఏం చెప్పావు?"

"ఇప్పుడెందుకది?"

"రెండేళ్ళ కిందటే అడగాల్సింది. అడగలేదు. చెప్పు."

అక్క భుజం మీంచి టేపు తీసి, దాని కొస వెతుకుతూ చెప్పింది. "మా చెల్లి తప్పు లేదన్నాను. దానికి ఇష్టమో కాదో సరిగ్గా అడక్కుండా నేనే మాటిచ్చానన్నాను. అబద్ధమేం కాదు. నువ్వు సరే అన్నప్పుడు నీ మొహం చూళ్ళేదు నేను. సరే అన్నావు, అది చాలనుకున్నా."

"వాళ్ళేమన్నారు?"

"అనాల్సినవన్నీ అన్నారు. ఆఫీసులో కూడా ఆర్నెల్లు అన్నారు."

"ఒక్క మాట కూడా నాకు చెప్పలేదే."

"ఇంటికొచ్చి నిన్ను తిట్టాగా. ఎక్కడో దించుకోవాలి కదా." టేపు కొస దొరకలేదు. అక్క దాన్ని బల్ల మీద పడేసింది. "తిట్టాల్సింది కాదు. తర్వాత ఫోన్ చేద్దామనుకున్నా. నువ్వే చేస్తావేమోనని చూశా. నువ్వు చెయ్యలేదు. నెలలు గడిచాక ఏమని చెయ్యను?"

"నేను కూడా చెయ్యాల్సింది, అక్కా. నీకేం జరిగిందో కనుక్కోలేదు. నాకేదో అన్యాయం చేశావనుకుంటూ కూచున్నా."

చివరి మాటకి చిన్ని కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. అక్క కంగారుగా దగ్గరికొచ్చింది. "ఏయ్, ఏడవకే. ఏడిస్తే ఇంకోసారి..." అని ఆగి, తనలో తను ఏదో వెతుక్కుంటున్నట్టు, "ఇంకోసారి తిప్పాలి. ఇదెక్కడిదే?" అంది.

చిన్ని ఏడుస్తూనే నవ్వి, సంచీలోంచి అట్ట తీసింది.

బెల్లు మోగేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ నేల మీద బెలూన్ల మధ్య కూచుని ఉన్నారు. అక్క వెళ్ళి తలుపు తీసింది. బాక్సు, నోట్‌బుక్కు గుండెకి హత్తుకుని ఒక యువకుడు నిలబడి ఉన్నాడు.

"ఎవరు కావాలండీ?"

"మీ రాత తుడిచేసింది నేనేనండీ."

అక్క వెనక్కి తిరిగి చెల్లిని చూసింది. "ఇతనేనా?"

"ఇతనే."

"రండి లోపలికి. చెప్పులు అక్కడ. బెలూన్ల మీద కాలు పడకుండా చూసుకోండి."

అక్క భోజనాల బల్ల ఖాళీ చేసి, పెన్సిలు చెక్కి, అట్ట ముందు కూచుంది. బైండరు ఎవరూ అడక్కుండానే పిల్ల చదువుకునే లాంపు తెచ్చి, అట్ట పక్కన కిందకి వంచి పట్టుకుని నిలబడ్డాడు. చిన్ని నోట్‌బుక్కులోవీ, తను రాసుకొచ్చిన చీటీలోని మిగతా ఐదూ చదివింది. ముప్ఫై ఆరేళ్ళ చెయ్యి పదకొండేళ్ళ నొక్కుల్లో పడి, ఎక్కడా తడబడకుండా నడిచింది.

"పక్షికి సెలవేంటే! నేనేనా రాసింది?"

"సాక్ష్యం ఉంది. నొక్కులున్నాయి."

ముప్ఫై ఒకటో గడి దగ్గర అక్క ఆగింది. 'పెద్దవాళ్ళు ఇక్కడే ఉండి చూడాలి' అని దిద్దింది. కాసేపు ఆలోచించి దాని పక్కన కొత్తగా, ఇంకో ముక్క చేర్చింది: 'చిన్నవాళ్ళని అడిగి కదలాలి.'

చిన్ని చదివింది. చీటీ మీద వేలు తర్వాతి వరుసకి జరిపింది. అక్క కూడా తలెత్తకుండా తర్వాతి గడికి వెళ్ళిపోయింది.

అన్నీ అయ్యాక పెన్సిలు కింద పెట్టి, వేళ్ళు విరుచుకుని అడిగింది. "గంట పట్టింది. మరి మీకు ఇరవయ్యేడు గళ్ళు చదవడానికి పన్నెండు రోజులు పట్టిందా?"

లాంపు పట్టుకున్న చెయ్యి కదిలింది. చిన్ని నోట్‌బుక్కు పేజీలు సరిచూసుకోసాగింది, అవి సరిగ్గానే ఉన్నా.

"ఊఁ," అంది అక్క. ఆ 'ఊఁ' మాత్రం చిన్నప్పట్నుంచీ మారలేదు. "రేపు సాయంత్రం మీరు కూడా రండి, బాబూ. పదిమంది పిల్లలొస్తారు. ఈ ఆట ఆడించడానికి మనుషులు కావాలి. చిన్నీ, బస్‌స్టాపు దాకా దింపిరా. ఆయనకి దారి కొత్త."

"ఒక్కరే వచ్చారుగా."

"రావడం వేరు, వెళ్ళడం వేరు. వెళ్ళు."

వాన వెలిసి రోడ్డు ఇంకా తడిగా ఉంది. బస్‌స్టాపులో బెంచీ ఒక చివర మాత్రం ఆరింది. అక్కడ ఒక్కరే కూచోవచ్చు కాబట్టి ఇద్దరూ నిలబడ్డారు.

"ఆ మొదటిరోజు నిజంగానే తట్టలేదండీ," అన్నాడు బైండరు. "కంగారులో ఎండే కనిపించింది. రెండో రోజు మీరు వెళ్ళాక లాంపు గుర్తొచ్చింది. తీసి కింద సొరుగులో పెట్టి తాళం వేశా."

"తాళం కూడానా!"

"మీరు చూస్తే అడుగుతారని. లాంపయితే ఆ సాయంత్రమే పని అయిపోతుంది. అయిపోతే మీరు అట్ట తీసుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ అటక మీంచి ఏదన్నా దొరికితే తప్ప రారు." అతను రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "కానీ వాన పడ్డాక చెప్పాల్సింది. మీరు అలా కూచుంటే చూసి కూడా చెప్పలేదు. అది మాత్రం తప్పే. క్షమించండి."

"అవును, అది తప్పే."

"మీరంటే ఇష్టం. అది మాత్రం తప్పు కాదనుకుంటా."

బస్సు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకావిడ ఎక్కింది. బస్సు వెళ్ళిపోయింది.

"అది మీ బస్సే," అంది చిన్ని.

"అవును."

"మా అమ్మ నన్ను ఒకటడిగింది. కళ్ళల్లోకి లైటు వేసే దానివి, నీకు తట్టలేదా అని. జవాబు చెప్పలేకపోయాను." ఆమె గొడుగు బొత్తం విప్పి మళ్ళీ పెట్టింది. "ఇప్పుడు చెబుతాను. తట్టింది. తట్టినట్టు ఒప్పుకుంటే, రోజూ నాలుగున్నరకి నేను ఇంటికే వెళ్ళాల్సి వచ్చేది. అందుకని ఆలోచించలేదు. ఆ రోజు మీ మావయ్య నోట వినేసరికి, మీ మీద కోపమో, దొరికిపోయానని కోపమో... సగం సగం."

బైండరు మొట్టమొదటిసారి ఆమె వైపు నేరుగా చూశాడు. చూసి, చూపు తిప్పుకోలేదు.

"సోమవారం ఐదింటికి రండి," అన్నాడు.

"ఏం పని మీద?"

"ఏ పనీ లేదు. ఊరికే రండి."

"వస్తాను. మీరే ముందు ఒక పూట మా దుకాణానికి రండి. ఆ సైటు సంగతి చూడాలి. ఇంత దగ్గరగా నిలబడి కూడా కళ్ళు చికిలిస్తున్నారు."

"అది సైటు కాదండీ."

ఇంకో బస్సు వచ్చింది. దానికి ఇద్దరూ కాస్త వెనక్కి జరిగి దారిచ్చారు, తమకేమీ సంబంధం లేనట్టు.

అప్పుడు చిన్ని ఫోను మోగింది. తీసి చూసింది. తెర మీద 'అక్క' అని ఉంది. ఆ పేరు రెండేళ్ళుగా ఆ ఫోన్‌లో ఉంది, మోగడమే లేదు. ఎత్తడానికి ముందు ఆమె దాన్ని ఒక్క క్షణం అలాగే చూసింది.

"ఎక్కడున్నావే?" అంది అక్క. నిన్న కూడా మాట్లాడుకున్నట్టే అంది. "ఐదు నిమిషాల దారికి ముప్పావుగంటా! పాప వచ్చేసింది. బాక్సు కనిపెట్టేసింది. రేపటిదాకా ఆగమంటే వినట్లేదు, ఇప్పుడే ఆడాలట. మీ బావకి రూల్సు అర్థం కావట్లేదు, పక్షికి ఎందుకు సెలవని అడుగుతున్నాడు. ఆ అబ్బాయి వెళ్ళిపోయాడా?"

"లేదు."

"ఎందుకు వెళ్తాడు? సరే, ఇద్దరూ రండి. కాళ్ళు కడుక్కుని రండి, రోడ్డంతా బురద."

"వస్తున్నాం అక్కా," అంది చిన్ని.

ఫోను పెట్టి చూసేసరికి బైండరు అప్పటికే వెనక్కి నాలుగడుగులు వేసి, ఆమె కోసం ఆగి ఉన్నాడు.